రుచి నిలిచిన తలంపు

‘దేవుని పిలుపు’ అను మాట మన విచారణ దేవాలయములలో తఱచుగా వినబడుచునే యుండును గాని, అది పిలుపో కాదో తెలిసికొను విధమెట్టిదో బోధించువారు అరుదు. బాలుడైన సమూవేలు రాత్రివేళ తన పేరు విని ముమ్మాఱు లేచి ఏలీ యొద్దకే పరుగెత్తెను. పిలుచుచున్నది ప్రభువని ఆ వృద్ధయాజకుడు గ్రహించి చెప్పువఱకు, విన్న చెవులకే ఆ కంఠ మెవరిదో తెలియకపోయెను.

ఆ విధమును మంచముపై నేర్చిన సైనికుడొకడు గలడు. 1521 మే 20న పంప్లోనా కోటను కాచుచు ఫిరంగిగుండు తగిలి కాలు విరిగిన లొయోలా ఇగ్నేషియసు, స్వగృహమున మంచము పట్టి వీరగాథల గ్రంథములను కోరగా, ఇంట నవి లేక క్రీస్తు చరిత్రయు పునీతుల జీవితములును చేతికి వచ్చెను. ఒక ఉన్నతవంశపు స్త్రీ మెప్పునకై చేయదలచిన సాహసములను మూడు నాలుగు గంటలు ఊహించుచు మైమఱచుచుండెను. వట్టి పాదములతో యెరూషలేమునకు పోయి, ఆకులలములు తినుచు తపస్సు చేయుదునని తలంచునప్పుడును అంతటి యానందమే. తలంపు సాగుచున్నంతసేపు రెండును తీయనివే; కాని మొదటిది ముగియగా మనస్సు ఎండి వెలితిపడుచుండెను, రెండవది ముగిసినను ప్రసన్నత నిలిచియుండెను. ఈ భేదము కనిపెట్టిననాడే పిలుపును గుర్తించు విద్య యాయన చేతికి చిక్కినదని నా విశ్వాసము. తరువాత దానినే సూత్రములుగా కూర్చిన ఆయన ‘ఆధ్యాత్మిక సాధనల’ను 1548లో మూడవ పౌలు పాపుగారు ఆమోదించిరి. మనస్సు శుష్కించి దైవము దూరమైనట్లు తోచు వేళ మునుపటి నిశ్చయమును మార్చుకొనరాదని అందొక సూత్రము గలదు.

ఇరువదియవ యేట నేను నోవిషియేటున, అనగా మఠపు తొలి శిక్షణలో, నుండగా, ఒక వర్షకాలమున ప్రార్థన ఇసుక నమలినట్లయ్యెను. జపమాల వ్రేళ్ల నడుమ నున్నను పెదవులు కదలవు. ఇంటి పెరటిలో అమ్మ బియ్యము చెఱుగు చప్పుడు మాత్రము చెవులను వీడదు. పెట్టె సర్దుకొని గురువుగారి గదికి పోతిని. వారు కోపగింపక, “బాబూ, మనస్సు నెమ్మదిగా నున్న దినమున పోయెదనన్నచో నేనే బస్సెక్కించెదను, నేడు మాత్రము వలదు” అనిరి.

ధర్మసభ శాసనమును ఇట్లే నిదానించుచున్నది: నోవిషియేటు కనీసము 12 మాసములు, ఆపై తాత్కాలిక వ్రతములు కనీసము 3 సంవత్సరములు, 21 ఏండ్లు నిండనిదే శాశ్వత వ్రతములు లేవు, నిర్బంధముచేత చేరినచో ఆ చేరికయే చెల్లదు. కడుపున నుండగనే దేవునికి మ్రొక్కుకొంటిమని బిడ్డలతో పదేపదే చెప్పు తల్లులు ఈ మాట నాలకింపవలెనని నా వేడికోలు. తల్లి హన్నా మ్రొక్కుకొని అప్పగించిన సమూవేలునే, ప్రభువు మరల పేరుపెట్టి పిలిచెను గదా!

నేను నిలిచితిని. కొన్ని మాసములకు ప్రార్థన మరల తీయనాయెను. ఆ తీపిలోనే, ఏ కలతయు లేక, నా చోటు అది కాదని మెల్లమెల్లగా తెలియవచ్చెను. ఆ మాట చెప్పబోయిన యుదయమున గురువుగారు నా మొగము చాలసేపు చూచి, రెండు మూడు ప్రశ్నలడిగి, నా పెట్టె తామే పట్టుకొని బస్సు నిలుచు చోటివఱకు నడచివచ్చిరి.