యుద్ధ నిరసన, రాజీ: వాల్తేరు నుండి కాకినాడ దాకా

దివ్య ఖుర్ఆన్‌లోని ‘అల్ ఖలమ్’ సూరా తొమ్మిదవ ఆయతు సత్య తిరస్కారుల కోరిక ఒకదానిని బయటపెడుతుంది. దైవప్రవక్త (స) తన మాటను కొంత సడలిస్తే తామూ కొంత సడలవచ్చునన్నదే ఆ కోరిక. ఆయతులో ఈ సడలింపునకు వాడిన క్రియకూ, నూనె అనే అర్థమిచ్చే ‘దుహ్న్’ అనే పదానికీ మూలధాతువు ఒక్కటే. నూనె పట్టించిన తోలు చూపునకు తోలుగానే ఉంటుంది. బిగువు మాత్రం పోతుంది. ఈ మెత్తబడటానికే ఉలమా ‘ముదాహనత్’ అని పేరు పెట్టారు. సమాజ శ్రేయస్సును ఆలోచించి, కారణం చెప్పి, బహిరంగంగా చేసుకొనే సర్దుబాటు దీనికి భిన్నమైనది. దాని పేరు ‘మస్లహత్’.

ప్రజా ఉద్యమాలను, ముఖ్యంగా యుద్ధాన్ని వ్యతిరేకించిన ఉద్యమాలను అంచనా వేయడానికి ఈ భేదం ఎంతో ఉపకరిస్తుంది. అధికారానికి దూరంగా ఉన్నప్పుడు యుద్ధాన్ని ఖండించిన సంస్థ, పదిమందిలో పలుకుబడి పెరిగి, శాసనసభలోనో ప్రభుత్వ కమిటీలోనో కుర్చీ దొరికిన తరువాత ఏమంటుంది? ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి తెలుగు పాఠకుడు దూర దేశాలకు పోనక్కరలేదు. వాల్తేరు రైల్వే స్టేషను, కాకినాడ కాంగ్రెసు పందిరి, అదే కాకినాడ మీద పడిన జపాను బాంబులు – ఈ మూడూ ఆ కథను చెబుతాయి.

కరాచీ తీర్మానం, వాల్తేరు అరెస్టు

మొదటి ప్రపంచ యుద్ధంలో పది లక్షలకు పైగా భారతీయ సైనికులు విదేశీ రణరంగాలకు తరలించబడ్డారు. వారిలో అత్యధికులు పోరాడింది మెసపొటేమియాలో, ఖిలాఫత్‌కు కేంద్రమైన తుర్కీ సైన్యాల మీద. జీతానికి కుదిరిన ముస్లిం సిపాయి, పరాయి ప్రభుత్వం కోసం సాటి ముస్లిం గుండెకు గురిపెట్టవలసి వచ్చింది. ఈ గాయం నుండే 1921 జూలైలో కరాచీలో జరిగిన అఖిల భారత ఖిలాఫత్ మహాసభ తీర్మానం పుట్టింది. బ్రిటిషు సైన్యంలో కొనసాగడం, చేరడం, ఇతరులను చేర్పించడం – ఈ మూడూ ముస్లింకు హరామ్ అని ఆ సభ ప్రకటించింది. మౌలానా ముహమ్మద్ అలీ జౌహర్ సభకు అధ్యక్షత వహించారు. తీర్మానం వెనుక నిలిచిన ఉలమాలో మౌలానా హుసేన్ అహ్మద్ మదనీ ప్రముఖులు.

ప్రభుత్వం దీనిని తిరుగుబాటుకు ప్రేరేపణగా పరిగణించింది. 1921 సెప్టెంబరు 14న గాంధీజీతో కలిసి మద్రాసుకు రైలులో పోతున్న మౌలానా ముహమ్మద్ అలీని వాల్తేరు స్టేషనులో అరెస్టు చేశారు. కరాచీలోని ఖాలిక్‌దీనా హాలులో విచారణ జరిగింది. ముద్దాయిలలో ఒకరైన శంకరాచార్య భారతీకృష్ణ తీర్థ విడుదల కాగా, అలీ సోదరులకూ మిగిలిన నాయకులకూ రెండేళ్ళ కఠిన శిక్ష పడింది. కాంగ్రెసు వెనుకంజ వేయలేదు. అక్టోబరు 4న గాంధీజీతో సహా పలువురు నాయకులు ఒక ప్రకటన వెలువరించారు. భారతీయులను అణచి ఉంచిన ప్రభుత్వం క్రింద ఉద్యోగిగా, అందులోనూ సిపాయిగా పనిచేయడం జాతి గౌరవానికి విరుద్ధమని వారు సంతకాలు చేసి చెప్పారు. కరాచీలో శిక్షకు కారణమైన మాటలనే ఊరూరా సభలలో మళ్ళీ చదివారు.

ఈ సాహసాన్ని కొనియాడుతూనే ఒక లోపాన్ని గుర్తించక తప్పదు. కరాచీ తీర్మానం సైనిక కొలువును ‘ప్రస్తుత పరిస్థితులలో’ నిషేధించింది. తుర్కీతో వైరం ఉన్నంతవరకే ఆ నిషేధానికి ఊపిరి. అన్యాయమైన ఏ యుద్ధంలోనైనా ముస్లిం సిపాయి కర్తవ్యమేమిటి అన్న విస్తృత ప్రశ్నను సభ ఎత్తుకోలేదు. పునాది ఇరుకైతే గోడ ఎంత ఎత్తుగా లేచినా, నేల కదిలిన నాడు నిలువదు.

కాకినాడ మహాసభ

రెండేళ్ళలో నేల కదిలింది. 1922 ఫిబ్రవరిలో చౌరీచౌరా సంఘటన తరువాత సహాయ నిరాకరణోద్యమం నిలిచిపోయింది. 1923 జనవరిలో స్వరాజ్ పార్టీ ఏర్పడి శాసనసభలలో ప్రవేశించాలని పట్టుబట్టింది. అదే ఏడాది సెప్టెంబరులో మౌలానా అబుల్ కలాం ఆజాద్ అధ్యక్షతన ఢిల్లీలో జరిగిన ప్రత్యేక సమావేశం అందుకు అనుమతినిచ్చింది. డిసెంబరులో కాంగ్రెసు మహాసభ కాకినాడలో సమావేశమైంది. జైలు నుండి కొద్ది నెలల క్రితమే విడుదలైన మౌలానా ముహమ్మద్ అలీయే దానికి అధ్యక్షులు. వాల్తేరులో పోలీసులకు బందీ అయిన నాయకునికి అదే తెలుగు తీరంలో, గోదావరి డెల్టా అంచున ఉన్న పట్టణంలో, దేశంలోకెల్లా పెద్ద రాజకీయ గౌరవం దక్కింది.

అయితే ఆ సభలో ప్రధాన వివాదం సైనిక కొలువు గురించి కాదు. శాసనసభా ప్రవేశం గురించి. ఢిల్లీ రాజీని కాకినాడ ధ్రువపరచింది. ఆ రోజులలోనే గోదావరి, విశాఖ మన్యాలలో అల్లూరి సీతారామరాజు దళాలను మలబారు స్పెషల్ పోలీసులు వెంటాడుతున్నారు. సాయుధ పోరాటమన్న కారణంగా కాంగ్రెసు సీతారామరాజును సమర్థించలేదు. అహింసా సూత్రాన్ని బట్టి చూస్తే అందులో తప్పు లేదు. కాని ఆ సూత్రాన్ని గిరిజనుని విల్లుకు ఎంత నిక్కచ్చిగా వర్తింపజేశారో, అతని మీదికి పంపిన తుపాకికీ అంత నిక్కచ్చిగానే వర్తింపజేయాలి. సిపాయి కొలువు జాతి గౌరవానికి విరుద్ధమన్న 1921 నాటి ప్రకటనకు ఆ మన్యం కంటే దగ్గరి ఉదాహరణ వేరే లేదు.

సడలింపు అక్కడితో ఆగలేదు. 1924 మార్చి 3న తుర్కీ జాతీయసభ ఖిలాఫత్‌నే రద్దు చేసింది. కరాచీ తీర్మానం ఆధారం కోల్పోయింది. 1925లో స్వరాజ్ పార్టీ నాయకులు మోతీలాల్ నెహ్రూ, సైన్యంలో భారతీయ అధికారుల నియామకాన్ని పెంచే మార్గాలు పరిశీలించడానికి ప్రభుత్వం వేసిన స్కీన్ కమిటీలో సభ్యత్వం అంగీకరించారు. మరుసటి ఏడాదే ఆయన అందులో నుండి తప్పుకున్న మాట నిజం. అయినా, అంగీకరించిన క్షణంలోనే ప్రశ్న మారిపోయింది. ‘ఈ సైన్యంలో చేరవచ్చునా?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఈ సైన్యంలో మనవారికి ఎన్ని పదవులు?’ అన్న ప్రశ్న వచ్చి కూర్చుంది. నాలుగేళ్ళ క్రితం ప్రకటించిన సూత్రాన్ని రద్దు చేస్తున్నట్లు ఏ సభా తీర్మానించలేదు. ఎవరూ దానిని కాదనలేదు. ఎవరూ దానిని తలచనూ లేదు. ముదాహనత్ లక్షణం సరిగ్గా ఇదే.

దీనికి మౌలానా ముహమ్మద్ అలీని పిరికివానిగా చిత్రించడం అన్యాయం. రెండేళ్ళు జైలులో గడిపిన మనిషిని కుర్చీకి అమ్ముడుపోయాడనడం చరిత్రకు ద్రోహం. వ్యక్తులు దృఢంగా ఉన్నా సంస్థలు మెత్తబడతాయి. చీలిక రాకుండా అందరినీ ఒక పందిరి క్రింద ఉంచాలన్నది లక్ష్యమైనప్పుడు, అందరికంటే పదునైన మాటే ముందుగా పక్కకు తొలగుతుంది.

1940: ఇద్దరు నాయకులు

రెండవ ప్రపంచ యుద్ధం వచ్చేసరికి కాంగ్రెసు ఇంకా పెద్దదయింది. మద్రాసు రాష్ట్రంతో సహా అనేక రాష్ట్రాలలో 1937 నుండి రెండేళ్ళకు పైగా మంత్రివర్గాలు నడిపిన అనుభవం దానికి కలిగింది. ప్రజల నడగకుండా వైస్రాయి ఇండియాను యుద్ధంలోకి దించినందుకు నిరసనగా 1939లో ఆ మంత్రివర్గాలు రాజీనామా చేశాయి. కాని 1940 జూలైలో, కేంద్రంలో జాతీయ ప్రభుత్వం ఏర్పరిస్తే దేశ రక్షణకు తోడ్పడగలమని వర్కింగ్ కమిటీ ప్రతిపాదించింది.

ఈ ఘట్టంలో ఇద్దరు ముస్లిం నాయకుల వైఖరి పోల్చదగినది. కాంగ్రెసు అధ్యక్షులు మౌలానా ఆజాద్ దృష్టిలో కాంగ్రెసు స్వాతంత్ర్యం కోసం ఏర్పడిన సంస్థ. యుద్ధాన్ని సర్వదా నిషేధించే సంఘం కాదు. ఈ మాట ఆయన దాచలేదు. ఖుదాయీ ఖిద్మత్‌గార్ల నాయకుడు ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్‌కు అహింస దైవ సన్నిధిలో చేసిన ప్రమాణం. ఆయన వర్కింగ్ కమిటీకి రాజీనామా చేశారు. ఇద్దరిలో ఎవరి వాదం సరియైనదన్న చర్చ ఉండవచ్చు. ఇద్దరూ తమ మాటను బహిరంగంగా చెప్పి, దాని భారాన్ని మోశారన్నది మాత్రం నిర్వివాదాంశం. ఆజాద్‌ది మస్లహత్; గఫార్ ఖాన్‌ది అజీమత్, అంటే కష్టతరమైన మార్గంలో నిలకడ. ఇస్లామీ సంప్రదాయంలో రెండింటికీ చోటుంది. ప్రభుత్వం ప్రతిపాదనను తిరస్కరించడంతో కాంగ్రెసు మళ్ళీ గాంధీజీ వైపు తిరిగి, అక్టోబరు 17న వ్యక్తి సత్యాగ్రహాన్ని ప్రారంభించింది.

ప్రజాయుద్ధం

కోస్తా జిల్లాలలో బలపడుతున్న కమ్యూనిస్టుల కథ మరింత నిశిత పరిశీలనకు అర్హమైనది. 1939లో వారు దానిని సామ్రాజ్యవాద యుద్ధమన్నారు. యుద్ధానికి ఒక్క పైసా గాని ఒక్క మనిషిని గాని ఇవ్వరాదని ప్రచారం చేశారు; నిర్బంధాలు సహించారు. 1941 జూన్ 22న హిట్లరు సోవియట్ రష్యా మీద దాడి చేశాడు. ఆరు నెలలకు, డిసెంబరులో, అదే యుద్ధం వారికి ప్రజాయుద్ధమయింది. 1934 నుండి పార్టీ మీద ఉన్న నిషేధం 1942 జూలైలో తొలగింది. అంతకు ముందు సుమారు 5,000 ఉన్న సభ్యుల సంఖ్య 1943 మే నాటికి 15,000 దాటింది.

వారి వాదంలో బలం లేకపోలేదు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. బర్మా పతనంతో అక్కడికి పొట్టకూటికై వెళ్ళిన తెలుగు కూలీలు సర్వం కోల్పోయి తిరిగి వచ్చారు. బియ్యం దిగుమతులు ఆగిపోయాయి. డెల్టా ప్రజకు ఫాసిజం పుస్తకాలలోని మాటగా మిగలలేదు. ఆ ప్రమాదాన్ని గుర్తించినందుకు కమ్యూనిస్టులను తప్పుపట్టలేము.

తప్పుపట్టవలసింది తూకాన్ని. ఫాసిజాన్ని ఎదిరించడం ఎంత అవసరమో, ఆ పేరుతో బ్రిటిషు ప్రభుత్వం స్వదేశంలో కాల్చిన తూటాలను ఖండించడమూ అంతే అవసరం. 1942 ఆగస్టు 12న తెనాలిలో పోలీసు కాల్పులలో ఏడుగురు మరణించారు. అదే నెలలో పశ్చిమ గోదావరిలోని భీమవరంలోనూ కాల్పులు జరిగాయి. క్విట్ ఇండియా ఉద్యమం యుద్ధ ప్రయత్నాన్ని దెబ్బతీస్తుందన్న కారణంతో పార్టీ దానికి దూరంగా, విముఖంగా నిలిచింది. ఆరు నెలల తరువాత, 1943 ఫిబ్రవరిలో, అదే తెనాలిలో తాపీ ధర్మారావు అధ్యక్షతన అభ్యుదయ రచయితల సంఘం ఆవిర్భవించింది. తెలుగు సాహిత్యానికి ఆ సంఘం చేసిన మేలు కాదనలేనిది. అయినా ఫాసిస్టు తుపాకి మీద అంత తీక్షణంగా పలికిన ఉద్యమం, ఆ ఊరి రైలు స్టేషను దగ్గర పేలిన తుపాకి విషయంలో అదే గొంతుతో పలుకలేకపోయింది.

యుద్ధానంతరం 1950లో అణ్వాయుధ నిషేధాన్ని కోరిన స్టాక్‌హోం విజ్ఞప్తికి సంతకాలు సేకరించినది ఈ ఉద్యమమే. 1979 డిసెంబరులో సోవియట్ సేనలు అఫ్ఘానిస్తాన్‌లో ప్రవేశించినప్పుడు దానిని సమర్థించిన వారిలో భారత కమ్యూనిస్టు పార్టీ ఒకటి. యుద్ధం ఎవరిది అన్నదే ప్రశ్నయి, యుద్ధం మనిషికి ఏమి చేస్తుందన్నది మరుగున పడినప్పుడు శాంతి ఉద్యమం చేరుకొనే గమ్యం ఇదే.

ముస్లిం సమాజం ముందున్న ప్రశ్న

ఇతరుల తప్పులు ఎత్తి చూపి తృప్తిపడటం ఈ చర్చ ఉద్దేశం కారాదు. ‘అల్ ముతఫ్ఫిఫీన్’ సూరా శపించిన వర్తకుడు తనకు రావలసినది నిండుగా కొలిపించుకొంటాడు, ఇతరులకు తక్కువ కొలుస్తాడు. వడ్లు కొలిచే డెల్టా ప్రజకు తీసుకొనే కుంచం ఒకటి, ఇచ్చే కుంచం మరొకటి పెట్టుకొన్న షావుకారు తెలియనివాడు కాడు. ముస్లిం సంస్థలు ఆ రెండు కుంచాలూ వాడలేదా? అఫ్ఘానిస్తాన్ విషయంలో ఎలుగెత్తిన గొంతులు, 1980 నుండి 1988 దాకా ఇరాన్, ఇరాక్‌లు ఒకదాని యువకులను ఒకటి ఊచకోత కోస్తున్నప్పుడు ఎన్ని మూగవోయాయి? పలికిన వాటిలో ఎన్ని ఏదో ఒక పక్షం వైపు మొగ్గాయి? విశ్వాసుల రెండు వర్గాలు పోరాడుకొంటే సంధి చేయమని, హద్దు మీరిన వర్గాన్ని అడ్డుకొమ్మని, ఆపై న్యాయంతో రాజీ కుదర్చమని ‘అల్ హుజురాత్’ సూరా ఆదేశిస్తున్నది. ఇస్లామీ దేశాల సంస్థ శాంతి సంఘాన్ని పంపినా ఫలితం లేకపోయింది. ఆ దేశాలలోనే కొన్ని ఒక పక్షానికి ధనం అందిస్తుంటే ఫలితం ఎక్కడి నుండి వస్తుంది?

ఇస్లాం యుద్ధాన్ని సంపూర్ణంగా నిషేధించలేదు. దానికి హద్దులు గీచింది. సిరియాకు సైన్యాన్ని పంపుతూ హజ్రత్ అబూబకర్ (రజి) స్త్రీలను, పిల్లలను, వృద్ధులను చంపవద్దని, పండ్ల చెట్లను నరకవద్దని ఆదేశించారు. ఆ హద్దులు శత్రువు సైన్యానికి ఎంత వర్తిస్తాయో తన సైన్యానికీ అంతే వర్తిస్తాయి. రాజీని కూడా ఇస్లాం నిషేధించలేదు. హిజ్రీ 6వ సంవత్సరంలో హుదైబియా వద్ద దైవప్రవక్త (స) ఉమ్రా చేయకుండానే వెనుదిరగడానికి ఒప్పుకొన్నారు. సంకెళ్ళతో వచ్చి శరణు కోరిన అబూ జందల్‌ను (రజి) సైతం ఒప్పందం ప్రకారం తిప్పి పంపవలసి వచ్చింది. కాని ఆ షరతులు అందరి ఎదుట వ్రాయబడ్డాయి. హజ్రత్ ఉమర్ (రజి) తన అభ్యంతరాన్ని ముఖాముఖి వెల్లడించారు. ఆయన నోరు ఎవరూ మూయలేదు. ఏది వదులుకొన్నారో, ఎందుకు వదులుకొన్నారో ప్రతి సహాబీకి తెలుసు.

నేడు శాంతి పేరుతో పనిచేసే ఏ సంస్థకైనా, అది ముస్లింలదైనా ఇతరులదైనా, ఈ కొలతే వర్తిస్తుంది. వైఖరి మారినప్పుడు ఆ మార్పును సభ్యుల ముందు ఒప్పుకొన్నదా? కాదన్నవారికి మాట్లాడే అవకాశమిచ్చిందా? తనకు గుర్తింపునిచ్చిన చేతి తుపాకిని కూడా మునుపటి కుంచంతోనే కొలుస్తున్నదా? ఈ ప్రశ్నలు వేయవలసింది ముందుగా ఆ సంస్థ లోపలివారే. కరాచీ తీర్మానాన్ని కాకినాడలో ఎవరూ ఓడించలేదు. గుర్తు చేసేవారు లేక అది మరుగున పడింది. గుర్తు చేయడం ఆనాటి ఉలమా బాధ్యత. ఈనాడు అది చదువుకొన్న ప్రతి ముస్లిం బాధ్యత.