చిరునామా కాదు, చిరునామా ఉన్నచోటు

పాత యంత్రాల మాన్యువళ్లలో నేను మళ్లీ మళ్లీ తెరిచేది ‘ఇన్‌సైడ్ మెకింటాష్’. ఏయే రొటీన్లను పిలిస్తే మెమరీలోని బ్లాకులు కదలవచ్చో చెప్పే జాబితా ఒకటి అందులో ఉంది. కంపైలర్లు రాసేవాళ్లకు ఆ పుస్తకంలో అంతకన్నా విలువైన పేజీలు లేవని నా నమ్మకం.

1984లో వచ్చిన తొలి మెకింటాష్‌లో ర్యామ్ 128 కిలోబైట్లే. స్క్రీన్‌కు కూడా అందులోంచే 21 కిలోబైట్లకు పైగా పోయేది. వర్చువల్ మెమరీ లేదు. అడిగినప్పుడల్లా ముక్క ఇస్తూ, వదిలేసింది వెనక్కి తీసుకుంటూ పోతే, ఖాళీ అంతా చిల్లరగా చెదిరిపోతుంది. మొత్తం 20 కిలోబైట్లు మిగిలున్నా, 5 కిలోబైట్లు ఒక్కచోట దొరకవు. అందుకే సిస్టమే బ్లాకులను జరిపి ఖాళీని ఒకచోటికి చేర్చేది. మరి జరిపాక పాత పాయింటర్ల గతేమిటి? ప్రోగ్రాముకు బ్లాకు చిరునామా కాకుండా, ఆ చిరునామా రాసిపెట్టిన కదలని చోటును చూపించారు. దాని పేరు హ్యాండిల్. బ్లాకు ఎక్కడికి జరిగినా ఆ ఒక్కచోట దిద్దితే సరిపోయేది. ఇంత తక్కువ సరంజామాతో ఇంత చక్కటి ఏర్పాటు చూస్తే నాకిప్పటికీ గౌరవమే.

చిక్కల్లా పాస్కల్ భాషలోని ‘విత్’ వాక్యంతో వచ్చింది. రికార్డు పేరు ఒకసారి చెబితే, ఆపైన ఫీల్డు పేర్లు చాలు. వేగం కోసం కంపైలర్ హ్యాండిల్‌ను మొదట్లోనే విప్పి, అసలు చిరునామాను రిజిస్టర్‌లో దాచుకునేది. మధ్యలో మెమరీని కదిపే రొటీన్ ఏదైనా నడిస్తే, బ్లాకు అక్కడ ఉండకపోవచ్చు. అప్పుడు రాసింది ఇంకో డేటా మీద పడుతుంది. దాచుకున్న ఆ చిరునామా సోర్స్‌లో ఎక్కడా కనిపించదు. ఖాళీ పుష్కలంగా ఉన్నప్పుడు బ్లాకులు కదలవు కాబట్టి, పరీక్షల్లోనూ దొరక్కపోవచ్చు.

హెచ్‌లాక్ అనే రొటీన్‌తో బ్లాకును కదలకుండా బిగించి, పనయ్యాక వదలొచ్చు, నిజమే. కానీ బిగించిన బ్లాకు నడిమధ్యన ఉంటే దాన్ని దాటి ఖాళీని కలపడం కుదరదు.

మెమరీని కదిపే రొటీన్ల ఆ జాబితాను ప్రోగ్రామర్ కంఠస్థం చేయాలనడం నాకు న్యాయంగా తోచదు. చిరునామాను దాచుకున్నది కంపైలర్. ఎక్కడ దాచిందో దానికే తెలుసు. ఇప్పటి జావా వర్చువల్ మెషీన్లలో కంపైలర్ ఆ సంగతి స్వయంగా రాసిపెడుతుంది: ప్రోగ్రాము ఆగగల ప్రతి చోటా, ఏ రిజిస్టర్‌లో, స్టాక్‌లో ఏ గడిలో వస్తువుల చిరునామాలు ఉన్నాయో. చెత్త ఏరే కలెక్టర్ వస్తువులను జరిపాక, ఆ పట్టిక చూసి ఒక్కొక్కటీ దిద్దుతుంది.