'భిక్షు వర్షీయసి' – ఇల్లు లేని వారి ప్రశ్న

శ్రీశ్రీ 'మహాప్రస్థానము' 1950లో గ్రంథరూపమున వెలువడినది. అందలి 'భిక్షు వర్షీయసి' చిన్న ఖండిక. దీనిని తరగతిలో బోధించునపుడెల్ల ముందుగా శీర్షికకే అర్థము చెప్పవలసివచ్చును. వర్షీయసి యనగా మిక్కిలి వయసు చెల్లిన స్త్రీ. బిచ్చమెత్తుకొను ముదుసలికి ఇంత గంభీరమైన సంస్కృత నామమేల యని ఆక్షేపింపవచ్చును. నాకు మాత్రము అది కవి ఆమెకు చేసిన మర్యాదగా తోచును. ఆమెకు ఖండికలో వేఱొక పేరు లేదు గదా!

ఈ రచనను కరుణరసమునకు ఉదాహరణగా చూపుట మనకు వాడుక. అంతటితో నిలిచినచో కవి చెప్పినదానిలో సగము జాఱిపోవును. దారి ప్రక్క చెట్టు క్రింద ముదుసలి యున్నది. జబ్బుపడినది. అడుగుకొను శక్తి ఉడిగినది. చలికాలము దగ్గఱపడినది. ఆమె చనిపోయినచో పాపమెవరిదని గాలి యడిగి పోవును. ఎముక కొఱుకుచున్న కుక్క పలుకదు. ఈగ దొరకిన తొండ తొందరగా తప్పుకొనును. చీకటి క్రమ్మును. అప్పుడొక ఎంగిలాకు ఎగిరివచ్చి, ఈ పాపము తనది కాదనును. మౌనము వహించినవి తమ ఆకలి తాము తీర్చుకొను జంతువులు. నోరు విప్పినది విస్తరి. ఆ విస్తరి ఎచ్చటిది? ఎవరో తృప్తిగా భుజించి పాఱవైచినది. ఎవరును నేరము మోపకమునుపే సంజాయిషీ చెప్పుకొన్నది అదియొక్కటే. కవి చేసిన అభియోగమంతయు ఆ చివరి పాదముననే యున్నదని నా అభిప్రాయము.

అయినను ఖండికకొక మేర కలదు. దానిని నాకు చూపినవాడు విమర్శకుడు కాడు, ఏడవ తరగతి బాలుడు. "సార్, రాత్రికి వానొస్తే ఆ అవ్వ యాడ పండుకుంటాది?" అని అడిగినాడు. తరగతి నవ్వినది. వాని తల్లిదండ్రులు కాలిబాట మీదనే కాపురముండిరని నాకు పిదప తెలిసినది. కవి, ఆమె మరణించినచో పాపమెవరిదని యడిగినాడు. బాలుడు, ఆమె బ్రదికినచో చోటెక్కడ అని యడిగినాడు. రెండును వేఱు ప్రశ్నలు. మొదటిదానికి పశ్చాత్తాపము చాలును. రెండవదానికి గోడలు, కప్పు, తలుపునకు గడియ కావలెను.

2011 ఫిబ్రవరి 28వ తేదీ రాత్రి జనగణనమువారు ఇల్లులేనివారిని లెక్కించిరి. దేశమున 17,73,040 మంది తేలిరి. పట్టణములలోనివారే 9 లక్షలకు పైబడిరి. కాలిబాటలు, వంతెనల అడుగుభాగములు, రైలు ప్లాటుఫారములు, గుడి మండపములు వారి చిరునామాలు. పట్టణములలో లక్ష జనాభాకొక వసతిగృహము ఉండవలెనని 2010లో సుప్రీంకోర్టు ఆదేశించినది. 2013లో వచ్చిన జాతీయ పట్టణ జీవనోపాధుల పథకము, ఆ గృహములు ఏడాది పొడుగున రేయింబవళ్లు తెఱచియుండవలెననియు, మనిషికి 50 చదరపు అడుగులైన ఉండవలెననియు నియమించినది. ఈ నియమము చిన్నది కాదు. రాత్రి చేర్చుకొని తెల్లవాఱగనే వెలుపలికి పంపు చోటు నిద్రకు తావగును గాని ఇల్లు కాదు.

మన పూర్వులు సత్రములు కట్టించిరి. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841–1909) అన్నార్తులకు వేళ యనక పెట్టిన పుణ్యమూర్తి. ఆ ధర్మము గొప్పది. కాని సత్రము ముఖ్యముగా బాటసారికై పుట్టినది. బాటసారికి మరలిపోవుటకొక ఊరున్నది. వర్షీయసికి అది లేదు.

ఆమెకు తగిన వసతి యేదని విచారించినచో చెన్నపట్టణముననే ఒక మార్గము కనబడును. ఇల్లు లేక, మనోవ్యాధితో వీథుల తిరుగు స్త్రీలకొఱకు 1993లో ఇచ్చట 'ద బ్యానియన్' అను సంస్థ ఏర్పడినది. పేరునకు అర్థము మఱ్ఱిచెట్టు. కవి ముదుసలిని చెట్టు క్రిందనే కూర్చుండబెట్టినాడని తలచినపుడు నాకు ఒడలు జలదరించినది. చికిత్స పొందియు ఇంటికి మరలలేనివారికై ఈ సంస్థ 2015లో 'హోమ్ ఎగైన్' అను పద్ధతిని ఆరంభించినది. నలుగురైదుగురు సామాన్యమైన వీథిలో అద్దె యింట కలసి కాపురముందురు. తోడుగా సహాయకురాలుండును. వంట వారిది, అంగడికి పోవుట వారిది. మందు, వైద్యము, పింఛను కాగితములు మొదలగువానికి తోడ్పాటు లభించును. అమెరికాలో 1992 నుండి, ఫిన్లాండులో 2008 నుండి పెంపొందిన పద్ధతులకు మూలమును ఇట్టిదే: బాగుపడిన పిమ్మట ఇల్లు కాదు, ఇల్లిచ్చిన పిమ్మట బాగుపడుట.

ఇందులకు వ్యయము లేకపోలేదు. ఇరుగుపొరుగువారి అనుమానమును లేకపోలేదు. వ్యయముకంటె అదియే పెద్ద అడ్డని నేననుకొందును. ఆ అవ్వ చెట్టు క్రింద ఉన్నంతవఱకు మనమందఱము జాలిపడుదుము. ప్రక్కవాటాలో దిగినచో ఇంటి యజమానితో మాటలాడుటకు పోవుదుము.

మన పెద్దలు కట్టించిన సత్రములలో కొన్ని నేడు కల్యాణమండపములుగా అద్దెకు పోవుచున్నవి. అద్దెతో పాఠశాలలకును వాచకములకును సాయమందుచున్నదనియు ఎఱుగుదును. ఆ సాయము పొందినవారిలో నేనొకడను. ముహూర్తపు దినములలో సాయంకాలము అట్టి మండపము ప్రక్కగా బడినుండి మరలునపుడు గోడవెంబడి విస్తళ్లు గుట్టలుగా పడియుండును. గాలి వీచినపుడు అందులో ఒకటి రెండు రోడ్డు దాటి వచ్చును.