దినచర్య రాసుకొనే భాష

వాడుక భాష కోసం వాదించిన గురజాడ అప్పారావు (1862–1915) తన దినచర్యలను ఇంగ్లీషులో రాసుకున్నాడు. 1897 నాటి ‘కన్యాశుల్కం’ తొలి కూర్పుకు పీఠికా ఇంగ్లీషే. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయానికి ఇచ్చిన అసమ్మతి పత్రమూ ఇంగ్లీషే. దీన్ని ఆత్మవంచన అనడం తొందరపాటని మా అభిప్రాయం. పత్రానికి ఎదుట విశ్వవిద్యాలయం ఉంది, భాషను అది నిర్ణయించింది. దినచర్యకు ఎదుట తాను తప్ప ఎవరూ లేరు. చదువూ కొలువూ ఇంగ్లీషులో నడిచిన మనిషికి పనుల పద్దు ఆ భాషలోనే తోచడం సహజం. అదే రచయిత గిరీశం నోట ఇంగ్లీషును డాబుకు పనిముట్టుగా చూపి నవ్వించాడు. పరభాష పద్దుకు పనికివస్తుంది. ప్రదర్శనకు దిగితే గిరీశమవుతుంది.

దీనికి ఎదురుగా ఏనుగుల వీరాస్వామి ఉన్నాడు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా ఇంగ్లీషుతో బతికిన ఈ తెలుగువాడు 1830–31లో కాశీయాత్ర చేస్తూ మజిలీలు, దారులు, ఖర్చులు, ఊళ్ల వసతులు అన్నీ తెలుగులోనే రాశాడు. 1838లో అచ్చయిన ఆ పుస్తకంలో అన్యభాషాపదాలు దండిగా ఉన్నాయి. అయినా వాక్యం తెలుగుదే. ఆ రాత ఒక మిత్రుని కోసం సాగింది. వినేవాడుంటే భాష మారుతుంది.

బెంగుళూరులో, బరంపురంలో, యానాంలో చదివే మన విద్యార్థులు పనుల జాబితాను బడిభాషలో రాసుకుంటే తప్పులేదు. అయితే ఆ పని ఎలా సాగిందో వారానికొక పేజీ తెలుగులో, ఎవరైనా చదివేలా రాయాలి. ఏ రంగంలో వాడితే ఆ రంగపు మాటలే భాషకు అబ్బుతాయి. వాడని చోట తెలుగు చేతకానిదని తేల్చడం న్యాయం కాదు.