గుర్రం నడకకు కట్టిన కాలువ

ఇనుములో వేలు ఇమిడేంత గాట్లు. వంతెన కింద మలుపులో, ఇటుక గోడ అంచుకు తొడిగిన ఇనుప బద్ద మీద, ఒకదాని పక్కన ఒకటి. వాటిని చెక్కింది ఉలి కాదు, తాడు. తడిసిన తాడు గట్టు మీది ఇసుకను అంటించుకుని, గుర్రం లాగినప్పుడల్లా ఇనుమును ఒరుసుకుంటూ పోయింది. ఏళ్ల తరబడి, పడవ వెనక పడవ. బర్మింగ్‌హామ్ కాలువల వెంట జనాన్ని తిప్పి చూపించే గైడు అక్కడ ఆగి, ఎవరికి వారు వేలు పెట్టి చూడమన్నప్పుడు గుంపులో కబుర్లు ఆగిపోయాయి. నా మట్టుకు నాకు ఆ పేట అందమంతా ఆ గాట్ల దగ్గరే బోధపడింది. గట్టు వెడల్పు, వంతెన వంపు, గుర్రం డెక్క జారకుండా వాలులో పొడుచుకువచ్చేలా పేర్చిన ఇటుక వరసలు, అన్నీ బరువు లాగుతూ నడిచే ఒక గుర్రాన్ని మనసులో పెట్టుకుని కట్టినవే. ఆ వేగంలో నడిస్తేనే ఈ చోటు తనను తాను చూపిస్తుంది.

నడక రౌండ్‌హౌస్ నుంచి మొదలవుతుంది. 1874లో కట్టిన ఎర్ర ఇటుకల కట్టడం. వాస్తుశిల్పి డబ్ల్యూ. హెచ్. వార్డ్. పేరుకు గుండ్రమే గాని ఆకారం గుర్రపు నాడాది. నగర కార్పొరేషన్ తన గుర్రాలకు సాలగా, సామానుకు గిడ్డంగిగా దీన్ని కట్టించుకుంది. ఒకవైపు కాలువ, ఇంకోవైపు రైలు పట్టాలు. నేషనల్ ట్రస్టు, కెనాల్ అండ్ రివర్ ట్రస్టు కలిసి బాగుచేయించగా 2021లో మళ్లీ తెరుచుకుంది. వంపు తిరిగిన గోడ ముంగిలిని చేతుల్లోకి తీసుకున్నట్టు ఉంటుంది. బండలు పరిచిన ఆ ముంగిట్లో కాసేపు నిలబడాలి. పనికోసం కట్టిన దానికి ఇంత లాలిత్యం ఎందుకని అడగబుద్ధవుతుంది. పందొమ్మిదో శతాబ్దపు ఆ ఊరి పనివాళ్లకు ఆ రెండూ వేరని తోచి ఉండదు.

అక్కణ్నించి ఓల్డ్ టర్న్ జంక్షన్. కాలువలు కలిసే ఈ కూడలిలో ఇద్దరు ఇంజనీర్ల స్వభావాలు పక్కపక్కనే కనబడతాయి. జేమ్స్ బ్రిండ్లీ కొండను తవ్వడం కన్నా చుట్టి రావడాన్నే ఇష్టపడ్డాడు. నేల మట్టాన్ని పట్టుకుని, మిట్ట ఎదురైతే పక్కకు ఒదిగి, ఒంపులు తిరుగుతూ కాలువ నడిపాడు. 1769లో వెడ్న్స్‌బరీ గనుల బొగ్గు ఆ నీళ్ల మీదే తొలిసారి ఈ ఊరు చేరింది. బండ్ల మీద వచ్చినన్నాళ్లూ ఖరీదుగా ఉన్న బొగ్గు ఒక్కసారిగా చవకైంది. కొలుములు పెరిగాయి, ఊరు పెరిగింది. 1820ల్లో వచ్చిన థామస్ టెల్‌ఫర్డ్‌కు మాత్రం బ్రిండ్లీ కాలువ వంకర మురుగుకాలువలా కనిపించింది. మిట్టలు కోయించి, పల్లాలకు కట్టలు పోయించి తిన్నగా కొత్త దారి తీశాడు. పాత ఒంపులు ఆ దారికి అటూ ఇటూ మిగిలిపోయాయి. ఊజెల్స్ స్ట్రీట్ లూప్, ఇక్‌నీల్డ్ పోర్ట్ లూప్, సోహో లూప్ అన్నీ అలా మిగిలినవే. టెల్‌ఫర్డ్ గీతలో నిశ్చయం ఉంది, దాన్ని కాదనలేను. కానీ నా మనసు ఒంపు వైపే. నేల చెప్పిన మాట విన్నవాడి చేతిరాత అది. ముందు ఏముందో చెప్పకుండా నాలుగు అడుగులు వేయిస్తుంది.

ఆ కూడలి నడుమ చిన్న దిబ్బ ఉంది. పడవలు దాన్ని చుట్టి తిరగడం చూసి అలంకారానికి పెట్టారనుకుంటాం. రెండో ప్రపంచయుద్ధంలో బాంబు పడి కాలువ తెగితే, నీరంతా అడుగున ఉన్న రైలు సొరంగంలోకి దూకుతుందని భయపడ్డారు. నీటిని ఆపే తలుపులు బిగించడానికే ఆ దిబ్బ కట్టారు. ఆ సొరంగంలో రైళ్లు ఇప్పటికీ పోతున్నాయి. పక్కనే 1991లో తెరిచిన సింఫనీ హాల్‌ను, వాటి అదురు సంగీతానికి తగలకుండా, రబ్బరు దిమ్మల మీద నిలబెట్టారు. నీళ్లు, పట్టాలు, వయొలిన్లు ఒకదాన్ని ఒకటి చెడగొట్టకుండా ఒకేచోట కాపురం చేస్తున్నాయి. ఇంతటి జాగ్రత్తను కూడా సౌందర్యంలో భాగంగానే లెక్కవేయాలి.

బ్రిండ్లీప్లేస్ గురించి తక్కువే చెబుతాను. 1990ల్లో లేచిన ఆఫీసులు, తిండి హోటళ్లు. శుభ్రంగా, మర్యాదగా ఉంటాయి, గుర్తుండవు. ఒక్క ఐకాన్ గ్యాలరీ వేరు. 1877 నాటి బడి భవనాన్ని మార్చి 1998లో కళా ప్రదర్శనశాలగా తెరిచారు. పొడుగాటి కిటికీలు, కోణాల ఇటుక పని, ముందు వసంతంలో పూసే చెర్రీ చెట్లు. పిల్లల చదువు కోసం ఇంత వెలుతురు లోపలికి పిలిచిన కట్టడం బొమ్మలకు ఇల్లవడంలో ఔచిత్యం ఉంది.

బ్రాడ్ స్ట్రీట్ కింద చీకటి దాటగానే గ్యాస్ స్ట్రీట్ బేసిన్. ఇక్కడ తొందరపడకూడదు. చదునైన నీరు, అంచున తెల్ల సున్నం పూసిన పాత గోడలు, వరసగా కట్టిన సన్నపాటి పడవలు. డెబ్భై అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు. గది తలుపుల మీద గులాబీలు, కోటలు, ఎర్రా పచ్చా రంగుల్లో. పడవ వెనక ఒక ఇరుకు గదిలో సంసారం మొత్తం సర్దుకున్న కుటుంబాలు, బొగ్గు మసి మధ్య, అంత రంగును కోరుకున్నాయి. నీటి నడుమ ఒక పొడుగాటి గట్టు, వూస్టర్ బార్. ఇవతలి కంపెనీ అవతలి కంపెనీకి తన నీరు పోనివ్వనని ఏడడుగుల మందాన అడ్డు పెట్టించింది. ఒక పడవలోని సరుకును మనుషులు మోసుకుంటూ ఆ గట్టు దాటించి రెండో పడవలో వేసేవారు. 1815లో గాని అక్కడ లాకు తెరవలేదు. ఆ ఏడడుగుల కోసం ఎన్ని భుజాలు అరిగాయో ఊహించుకుంటూ నడిస్తే, రెండు పక్కలా మెరిసే నీరు ఇంకోలా కనిపిస్తుంది. అందం తగ్గదు, బరువెక్కుతుంది.

అసలైన ఘట్టం ఫార్మర్స్ బ్రిడ్జి లాకులది. చాలామంది బేసిన్ చూసి కాఫీకి కూర్చుంటారు, దయచేసి లేవండి. 1789 నాటి బర్మింగ్‌హామ్ అండ్ ఫాజ్లీ కాలువ మీద పదమూడు లాకులు, మైలు దూరం కూడా లేని దారిలో, నీటిని దాదాపు ఎనభై అడుగులు కిందికి దింపుతాయి. ఒకప్పుడు రద్దీకి పగలు చాలక గ్యాసు దీపాల కింద రాత్రంతా పనిచేశాయి. గోదావరి కాలువల లాకులు చూసి పెరిగినవాళ్లకు ఇక్కడ ఏదీ కొత్త కాదు. మన దగ్గర తాడు మనిషి భుజాన ఉండేది, ఇక్కడ గుర్రం మెడన. మెట్టు మెట్టుకూ ఊరు మీదికి లేస్తుంది. ఒకచోట టెలికాం టవర్ నెత్తిన నిలబడుతుంది. ఇంకోచోట లాకు ఏకంగా కట్టడాల కడుపులోకి దూరుతుంది. ఇటుక కమానుల కింద చెమ్మ, నాచు, తూముల నుంచి కారే నీటి చప్పుడు. ఇక్కడ ఎవరూ ఏమీ మెరుగుపెట్టలేదు. అందుకే నాకు పై పేటకన్నా ఇదే ఇష్టం. పక్కనే తుపాకుల పేట. ఆఫ్రికా తీరంలో బానిసలను కొనడానికి మారకంగా ఇచ్చిన తుపాకులు చాలా ఈ ఊళ్లోనే తయారయ్యాయి. ఈ అందాన్ని మెచ్చుకునే నోటితోనే ఆ మాటా చెప్పాలి.

నాలుగో లాకు దగ్గర ఒక పడవ వచ్చింది. గైడు మమ్మల్ని తలుపు దూలానికి వీపు ఆనించమన్నాడు. కాలు తన్నిపెట్టడానికి నేలలో అర్ధవలయంగా ఎత్తు ఇటుకలు, ఎవరెవరి పాదాలకో నునుపు తేలినవి. ఎంత తోసినా దూలం కదల్లేదు. లోపలి నీరు బయటి నీటి మట్టానికి దిగేదాకా బలంతో పనిలేదట. మట్టం కుదిరిన క్షణాన ఇద్దరం మామూలుగా ఒరిగితే చాలు, అంత పెద్ద తలుపూ కదిలింది. పడవ నడిపే ఆమె చెయ్యి ఊపి ముందుకు సాగింది. ఆమెకు ఇంకా తొమ్మిది లాకులున్నాయి. ఆ తొమ్మిదింటి దాకా మేమూ గట్టు వెంట వెళ్లాం.