పంటు దాటి వచ్చే అమ్మగారు

ఆదివారం పొద్దున్నే నరసాపురం రేవులో పంటు ఎక్కేవాళ్లలో ఒక పాస్టరు దంపతులు తప్పకుండా ఉంటారు. అయ్యగారు మోటారు సైకిలు పట్టుకుంటారు, అమ్మగారు సంచీ. గోదావరి పాయ వశిష్ఠ దాటితే సఖినేటిపల్లి. అక్కడి నుంచి అంతా కోనసీమే, గోదావరి పాయలూ సముద్రమూ చుట్టుకున్న దీవి.

ఇలా భార్యాభర్తలు కలిసి సేవకి రావడం ఇక్కడ కొత్త కాదు. 1836లో ఇంగ్లండు నుంచి బౌడెన్, బీర్ అనే మిషనరీలు భార్యలతో సహా ఈ దేశం వచ్చారు. నరసాపురం కేంద్రంగా డెల్టా ఊళ్లు తిరిగి సువార్త చెప్పారు. చరిత్రలో భర్తల పేర్లే ముందు కనిపిస్తాయి. అందుకే నేను అమ్మగారి పని గురించి చెబుతాను.

ఆదివారానికి మూడు సంఘాలు. అయ్యగారి ప్రసంగం అయ్యాక ఆవిడ పని మొదలవుతుంది. కుర్చీ వేసినా కూర్చోరు, ఆడవాళ్ల మధ్య చాప మీద కూర్చుంటారు. మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని, ఆ వేళ్లు మెల్లగా నిమురుతూ వింటారు. మధ్యలో మాటకి అడ్డు రారు. కిందటిసారి చెప్పిన కష్టం గుర్తుంచుకుని, "మీ అబ్బాయి ఫోన్ చేశాడా అమ్మా?" అని ముందు తనే అడుగుతారు. ఆ తర్వాతే ప్రార్థన. ఏ ఇంట్లోనూ చిన్నబుచ్చకుండా రెండు ముద్దలు తింటారు. ఇంత ఓపిక ఏ బడిలోనూ నేర్పరు.

సాయంత్రం పంటు మీద ఆవిడ కళ్లు మూసుకుని రెయిలింగుకి ఆనుకుంటారు. ఈసారి మీ సంఘానికి అమ్మగారు వచ్చినప్పుడు, "మీ ఒంట్లో ఎలా ఉందండీ?" అని ఒక్కసారి అడగండి.