సిద్ధాంత గ్రంథం చివరి పేజీలు

కంకిపాడు నుంచి బందరు రోడ్డు మీద విజయవాడ వైపు వస్తుంటే పోరంకి, కానూరు దాకా కాలేజీలూ హాస్టళ్లే. అక్కడి పిల్లల పరీక్షల భయం మీద ప్రాజెక్టు చేద్దామనుకునే ఎంఏ సైకాలజీ విద్యార్థికి విషయం కళ్లెదుటే ఉంది. దాని మీద ఇంతకుముందు ఎవరేం తేల్చారో వెతికి పట్టుకోవడమే కష్టం.

గూగుల్‌లో 'ఎగ్జామ్ ఫియర్' అని కొడితే చిట్కాల వీడియోలు వచ్చిపడతాయి. సైక్‌ఇన్ఫో తీరు వేరు. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ నడిపే ఈ డేటాబేస్‌కు మూలం 1927లో మొదలైన 'సైకలాజికల్ అబ్‌స్ట్రాక్ట్స్' అనే అచ్చు పత్రిక. ఇందులో చేరే వ్యాసాలకు ముందే ఖరారు చేసిన విషయపదాలు తగిలిస్తారు. వ్యాసకర్త భయమన్నా, దిగులన్నా 'టెస్ట్ యాంగ్జయిటీ' అని వెతికితే చేతికందే వీలుంటుంది.

కానీ దానికి చందా కట్టాలి. పరిశోధన పత్రికలకూ అంతే. వాటి చందాల కోసం 2025 జనవరిలో మొదలైన 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' పథకానికి కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 ప్రచురణ సంస్థల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. అయితే అవి ప్రభుత్వ విద్యాసంస్థలకే. అదే ఊరి నుంచి ప్రైవేటు కాలేజీకి వెళ్లే విద్యార్థికి ఆ తలుపు మూసే ఉంది. ఇది అన్యాయం.

శోధ్‌గంగకు ఆ అడ్డు లేదు.

గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ఈ భాండాగారంలో దేశంలోని విశ్వవిద్యాలయాల పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలు ఉంటాయి. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. సాధారణంగా ఒక్కో గ్రంథం ముక్కలు ముక్కలుగా, విడి పీడీఎఫ్‌లుగా కనిపిస్తుంది: ముఖపత్రం, ధ్రువపత్రం, అధ్యాయాలు, చివర్న అనుబంధాలు. చాలామంది మొదటి అధ్యాయంతోనే ఆపేస్తారు. నిజానికి ముందు తెరవాల్సింది ఆ ఆఖరి ఫైలే, ఎందుకంటే పరిశోధకులు పిల్లల చేతికిచ్చిన ప్రశ్నావళి చాలాసార్లు అక్కడే ఉంటుంది. పరీక్షల భయాన్ని కొలవడానికి మనస్తత్వవేత్త స్పీల్‌బర్గర్ 1980లో ప్రచురించిన 20 అంశాల కొలమానం ఇంగ్లిషులో ఉంది. తెలుగు మీడియంలో చదివొచ్చిన పిల్లకు దాన్ని అలాగే ఇస్తే కొలిచేది భయాన్నో, ఇంగ్లిషునో తెలియదు. తెలుగు చేసిన కొలమానం ఏ అనుబంధంలోనైనా కనిపిస్తే, పద్ధతుల అధ్యాయానికి వెనక్కి వెళ్లి ఎంతమంది మీద, ఏ ఊళ్లో, ఏ వయసువాళ్ల మీద సరిచూశారో చదవాలి. వాడుకోవడానికి అనుమతి మాత్రం విడిగా అడిగి తీసుకోవాల్సిందే.